మిల్లు కూలీల వంశవృక్షం: ఇంగ్లండ్ పేద కుటుంబాల పాత రికార్డులు వెతకడం ఎలా

ప్రెస్టన్‌లో ఉన్న మా మనవడికి స్కూల్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. మా వైపు ఇబ్బంది లేదు, మా తాత రాసిన నోటుపుస్తకంలో ఏడు తరాల పేర్లున్నాయి. వాడి నాయనమ్మ వైపు మాత్రం మూడో తరం దగ్గరే బండి ఆగిపోయింది. మా వియ్యపురాలిది బ్లాక్‌బర్న్, ల్యాంకషైర్‌లో ఒకప్పటి నేత మిల్లుల ఊరు. మావాళ్ళంతా మిల్లు కూలీలు, వాళ్ళ గురించి ఎవరు రాసిపెడతారు అందావిడ. ముప్ఫై ఏళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇండెక్సులు తిరగేసినవాణ్ణి, నాకా మాట నమ్మబుద్ధి కాలేదు.

కూర్చుని వెతికితే తేలిందేమిటంటే, పేదవాడు తన గురించి తను రాసుకోడు, నిజమే, కానీ వాడి వల్ల ఎవరికైనా ఖర్చు వచ్చిపడినా, వాడి నుంచి ఎవరికైనా ఏదైనా రావాల్సి ఉన్నా వాళ్ళు మాత్రం తప్పకుండా రాసుకుంటారు. ఇంగ్లండ్‌లో అలా రాసుకున్న కాగితాలు గుట్టలుగా మిగిలాయి. మీ అల్లుడో కోడలో అక్కడివాళ్ళయినా, మీ ఇంట్లోనే ఒక ఆంగ్లో-ఇండియన్ ముత్తాత ఉన్నా, లేక నాలా ఊరికే పిచ్చి పట్టినా, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను.

ముందు ఇంట్లో వెతకండి

కంప్యూటర్ తర్వాత. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని టీ తాగుతూ అడగండి. ఎవరు ఎక్కడ పనిచేశారు, ఏ చర్చికి వెళ్ళేవారు, ఏ వీధిలో ఉండేవారు, చిన్నప్పుడే పోయిన పిల్లలున్నారా. పాత బిస్కెట్ డబ్బాలు తెరిపించండి. వారానికో పెన్నీ చొప్పున కట్టిన చావు ఖర్చుల ఇన్సూరెన్స్ పుస్తకం, యూనియన్ కార్డు, అద్దె పుస్తకం, అంత్యక్రియల కార్డు, ఇలాంటివి ఉంటాయి. మొదటి ప్రపంచయుద్ధం పతకం కనబడితే దాని అంచు చూడండి, సైనికుడి నంబరు, పేరు, రెజిమెంటు అక్కడ చెక్కి ఉంటాయి.

ఇంట్లో చెప్పుకునే కథలు రాసుకోండి కానీ నమ్మేయకండి. మా ముత్తవ్వ లార్డుగారి కూతురు అంటే, చాలాసార్లు ఆ లార్డుగారింట్లో గిన్నెలు తోమిందని అర్థం.

సర్టిఫికెట్లు: 1837 నుంచి

ఇంగ్లండ్, వేల్స్‌లలో జనన మరణ వివాహాల ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న మొదలైంది. స్కాట్లండ్ వేరు, అక్కడ 1855లో. మీకు తెలిసిన చివరి మనిషి నుంచి ఒక్కో మెట్టు వెనక్కి వెళ్ళాలి. పెళ్ళి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు, ఆయన చేసే పని ఉంటాయి. జనన సర్టిఫికెట్‌లో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, దాంతో తల్లిదండ్రుల పెళ్ళి వెతకాలి. మళ్ళీ ఆ పెళ్ళిలో తండ్రి పేరు. ఇలా ఈసీ తీసినట్టే లింకు డాక్యుమెంట్లు పట్టుకుంటూ పోవడమే.

ఇండెక్సులు రెండు చోట్ల చూడండి. ఫ్రీబీఎండీ అనే సైట్ వాలంటీర్లు నడిపేది, పూర్తిగా ఉచితం, పెళ్ళిళ్ళు కూడా ఉంటాయి. రెండోది ప్రభుత్వానిది, జనరల్ రిజిస్టర్ ఆఫీస్ సైట్, అందరూ జీఆర్‌ఓ అంటారు. అకౌంట్ తెరిస్తే ఇండెక్సు చూడటం ఉచితం, జననాలు మరణాలు మాత్రమే ఉంటాయి. అప్పట్లో అచ్చయిన పాత ఇండెక్సులో తల్లి పుట్టింటి పేరు 1911 నుంచే కనిపిస్తుంది, జీఆర్‌ఓ కొత్త ఇండెక్సులో 1837 నుంచీ చేర్చారు. ఇది ఎంత పెద్ద వరమో వాడితేగానీ తెలియదు. ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు, జిల్లా కొడితే ఒక దంపతులకి పుట్టిన పిల్లలంతా, బతికినవాళ్ళు పోయినవాళ్ళు సహా, వరసగా వచ్చేస్తారు. తల్లి ఇంటిపేరు ఉండాల్సిన చోట ఉత్త గీత ఉంటే పెళ్ళికాని తల్లి బిడ్డేమో అని అనుమానించండి. అలాంటి పిల్లలకి మధ్యపేరుగా ఏదో ఇంటిపేరు తగిలించి ఉంటే, అది తండ్రిది అయ్యే అవకాశం గట్టిగా ఉంది.

2024లో పెంచిన ధరల ప్రకారం డిజిటల్ ఇమేజ్ 3 పౌండ్లు, పీడీఎఫ్ 8, కాగితం నకలు 12.50. పాత జనన మరణాలకి చాలావరకు 3 పౌండ్లది సరిపోతుంది. పెళ్ళికి కాగితం నకలే గతి. అయితే చర్చిలో జరిగిన పెళ్ళయితే ఆ చర్చి రిజిస్టరు స్కాన్ ఎక్కడైనా దొరుకుతుందేమో ముందు చూడండి, అందులోనూ అవే వివరాలుంటాయి. ఆ డబ్బులతో నాలుగు జననాలు తెప్పించుకోవచ్చు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక పేరు చూసి పక్కన పడేయకండి. జనన సమయం గంటలతో సహా రాసి ఉంటే దాదాపు ఎప్పుడూ కవలలు, జోడీ కోసం వెతకండి. పెళ్ళిలో వధూవరులిద్దరికీ ఒకటే అడ్రసు ఉంటే కలిసి ఉంటున్నారని తీర్మానించకండి, చర్చి పరిధిలో నివాసం చూపించడానికి ఒకే అడ్రసు ఇచ్చేవారు చాలామంది. వయసు దగ్గర ‘ఫుల్’ అని ఉంటే 21 దాటిందని మాత్రమే. సంతకం చోట ఇంటూ గుర్తు, పక్కన ‘ఫలానావారి గుర్తు’ అని గుమాస్తా రాత. మన దస్తావేజుల్లో వేలిముద్ర దగ్గర రాసే నిశానీ లాంటిదే. మా వియ్యపురాలి ముత్తవ్వ తల్లి పెట్టిన ఇంటూ గుర్తు ఒక గీత పొడుగ్గా, ఒకటి పొట్టిగా, వంకరగా ఉంది. చేతికి కలం కొత్త అని చూడగానే తెలుస్తోంది. ఆ కాగితం మా వియ్యపురాలు ఫ్రేము కట్టించుకుంది.

ఇక నేను చేసిన వెధవపని చెప్పాలి. జాన్ టేలర్ లాంటి పేరు అక్కడ మన దగ్గర సుబ్బారావు లాంటిది, ఒక్క జిల్లాలోనే డజను మంది. వయసు సరిపోయింది, ఊరు సరిపోయింది కదా అని అలాంటి ఒకణ్ణి పట్టుకుని మూడు నెలలు వాడి తాతల్ని, ముత్తాతల్ని తవ్వుకుంటూ పోయాను. తీరా మరణాల ఇండెక్సు చూస్తే వాడు నాలుగో ఏటే పోయాడు. చచ్చిపోయిన పిల్లాడికి పెళ్ళి చేసి పిల్లల్ని కనిపించానన్నమాట! అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే: ఒక జననం నాది అనుకునే ముందు ఆ పిల్లాడు చిన్నప్పుడే పోలేదని తేల్చుకోవాలి, ఆ పేరున్న మిగతావాళ్ళు ఎవరెవరు ఏమయ్యారో కూడా చూడాలి. మీకు కావలసినవాణ్ణి నిరూపించడం కంటే కానివాళ్ళని కొట్టేయడమే నమ్మకమైన దారి.

సెన్సస్, అంటే జనాభా లెక్కలు

అసలు మజా ఇక్కడుంది. పదేళ్ళకోసారి ఇంటింటికీ వచ్చి రాసుకున్నారు. పేర్లతో సహా దేశమంతటికీ మిగిలినవి 1841 నుంచి. నూరేళ్ళు మూసి ఉంచి తర్వాత బయటపెడతారు, కాబట్టి ప్రస్తుతానికి చివరిది 1921. అది 2022 జనవరిలో వచ్చింది. 1881ది ఫ్యామిలీసెర్చ్ అనే సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు, మిగతావాటికి ఫైండ్‌మైపాస్ట్, యాన్సెస్ట్రీ లాంటి డబ్బు సైట్లు. ఇంగ్లండ్‌లో ఉంటే చందా కట్టకముందు దగ్గర్లోని పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళండి, చాలాచోట్ల వీటిలో ఒకటి అక్కడ ఉచితం.

1841 దాన్ని జాగ్రత్తగా వాడాలి. పదిహేను దాటినవాళ్ళ వయసుని ఐదు గుణిజానికి తగ్గించి రాయమన్నారు, అంటే 39 ఏళ్ళవాడు 35 అవుతాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు, పుట్టిన ఊరికి బదులు ఈ కౌంటీలోనే, అంటే మన జిల్లా లాంటి దాంట్లోనే, పుట్టాడా లేదా అన్నంతవరకే. 1851 నుంచి చుట్టరికం, పెళ్ళి అయిందా లేదా, వయసు, పని, పుట్టిన ఊరు అన్నీ ఉంటాయి.

ఒక పేజీ ఎలా చదవాలో చూద్దాం. నేత మిల్లుల వీధి, 1861. ఇంటి యజమాని 34 ఏళ్ళు, మరమగ్గం నేతగాడు. భార్యకి 33, ఆవిడా నేతపనే. పెద్ద కూతురు పదకొండేళ్ళది, పని గడిలో ‘హాఫ్ టైమర్’. అంటే 1844 ఫ్యాక్టరీ చట్టం ప్రకారం పూట మిల్లులో, పూట బడిలో. తర్వాత ఇద్దరు చిన్నపిల్లలు ‘స్కాలర్’, పండితులని కాదు, బడికెళ్ళే పిల్లలని. చివర ‘లాడ్జర్’ అని ఒక పెళ్ళికాని స్త్రీ, వేరే ఇంటిపేరు. ఈ చివరి మనిషిని వదలకండి. మా విషయంలో ఆ లాడ్జర్ ఇంటి ఇల్లాలి చెల్లెలని తర్వాత తేలింది, తల్లి పుట్టింటివారి ఊరు ఆవిడ పుట్టిన ఊరు గడిలోంచే దొరికింది. అందుకే ముందు రెండు పేజీలు, వెనక రెండు పేజీలు కూడా చదవండి. మనలాగే వాళ్ళూ అన్నదమ్ములు, అత్తమామలు నాలుగిళ్ళ అవతల ఉండేవారు.

పొలం పనివాళ్ళయితే ‘ఏజీ ల్యాబ్’ అని కుదించి రాసుంటుంది, వ్యవసాయ కూలీ అని. ‘ఎఫ్ డబ్ల్యూ కె’ అంటే మేజోళ్ళు అల్లే పనివాడు. బొగ్గు గని ఊళ్ళలో ‘హ్యూయర్’ అంటే బొగ్గు తవ్వేవాడు. ఆడవాళ్ళ పని గడి ఖాళీగా ఉందని ఖాళీగా కూర్చున్నారనుకోవద్దు, బట్టలుతికి, కుట్టుపని చేసి సంపాదించినది చాలాసార్లు రాయనే లేదు.

పేరు దొరక్కపోతే తప్పు వాళ్ళదీ కాదు, మీదీ కాదు. చదువురాని మనిషి నోటితో చెప్తాడు, లెక్కలవాడు చెవికి వినబడింది రాస్తాడు. ల్యాంకషైర్ యాసలో ముందుండే ‘హ’ మింగేస్తారు, హార్‌గ్రీవ్స్ కాస్తా ఆర్‌గ్రేవ్స్ అవుతుంది, మన దగ్గర వెంకటేశు ఎంకటేసు అయినట్టు. ఆ పైన ఇప్పటివాళ్ళు కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు చేసిన తప్పులు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి అసలు పేరు, సుమారు వయసు, పుట్టిన ఊరుతో వెతకండి. ఇంట్లో ఎవరికైనా అరుదైన పేరుంటే వాళ్ళని పట్టుకోండి, జాన్ కోసం కాకుండా వాడి చెల్లెలు కెజియా కోసం వెతికితే ఇల్లంతా దొరుకుతుంది.

అప్పటికీ దొరక్కపోతే ఊరే మారి ఉంటారు. మా వియ్యపురాలివాళ్ళు 1871లో బ్లాక్‌బర్న్‌లో లేరు. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధంతో పత్తి రాక ఆగి ల్యాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి. మన దేశం నుంచి వెళ్ళిన పొట్టి పింజె పత్తిని వాళ్ళు సూరత్ అనేవారు, మగ్గం మీద దారాలు తెగిపోతున్నాయని తెగ తిట్టుకునేవారు. ఆ రోజుల్లో చాలామందిలాగే మావాళ్ళూ పెన్నైన్ కొండలు దాటి యార్క్‌షైర్ ఉన్ని మిల్లులకి పోయారు. ఊరి చరిత్ర కాస్త తెలిస్తే ఎటు వెతకాలో తెలుస్తుంది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్‌లో ఇంగ్లండ్ పాత మ్యాపులు కూడా ఉచితమే, మిల్లు ఎక్కడ, వాళ్ళ వీధి ఎక్కడ అని చూసుకోవచ్చు.

1911ది మాత్రం తీరిగ్గా చూడండి. ఇంటివాళ్ళు నింపిన ఫారమే మిగిలింది, కాబట్టి సొంత చేతిరాత. పెళ్ళైన స్త్రీలని పెళ్ళయి ఎన్నేళ్ళు, ఎంతమంది పుట్టారు, ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు అని అడిగారు. భర్త పోయినవాళ్ళు ఇది నింపనక్కర్లేదు. అయినా చాలామంది నింపారు, తర్వాత ఆఫీసులో గుమాస్తా గీత కొట్టేశాడు. గీత కింద అంకెలు చక్కగా కనబడుతూనే ఉంటాయి. మావాళ్ళ ఫారంలో తొమ్మిది, ఐదు, నాలుగు అని ఉంది. ఆ నలుగురినీ జీఆర్‌ఓ ఇండెక్సులో తల్లి ఇంటిపేరుతో వెతికి పట్టుకున్నాను, ముగ్గురికి ఏడాది కూడా నిండలేదు. మా వియ్యపురాలికి వాళ్ళున్నారనే తెలియదు. మనవడి చార్టులో వాళ్ళ పేర్లు కూడా రాయించింది.

1921లో యజమాని పేరు, పనిచేసే చోటు కూడా అడిగారు, ఏ మిల్లో తెలిసిపోతుంది. 1931ది అడక్కండి, 1942 డిసెంబరులో అగ్నిప్రమాదంలో మొత్తం కాలిపోయింది. 1941లో యుద్ధం వల్ల అసలు లెక్కలే తీయలేదు. వీటికి బదులు 1939 సెప్టెంబరు 29న తీసిన రిజిస్టరు ఉంది. అందులో పుట్టిన తేదీలుంటాయి, ఆడవాళ్ళకి తర్వాత పెళ్ళయితే కొత్త ఇంటిపేరు కూడా చాలాచోట్ల పక్కన రాసి ఉంటుంది.

1837కి ముందు: చర్చి రిజిస్టర్లు

1538 నుంచి ప్రతి పారిష్‌లో, అంటే ఒక్కో చర్చి కింద ఉండే ఊళ్ళో, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు రాయమని ఆజ్ఞ. అన్నీ మిగల్లేదు. 1598 నుంచి నకళ్ళు బిషప్‌కి పంపాలన్నారు, అసలు పోయినచోట ఆ నకలు ఆదుకుంటుంది. పేదవాళ్ళకి పనికొచ్చే తేదీలు రెండు గుర్తుపెట్టుకోండి. 1754 నుంచి పెళ్ళి రిజిస్టరులో సంతకాలు లేదా గుర్తులు, సాక్షుల పేర్లు. 1813 నుంచి అచ్చు ఫారాలు, బాప్తిస్మంలో తండ్రి పని, నివాసం. అంతకుముందు చాలాచోట్ల ‘థామస్ కొడుకు జాన్’ అని ఒక్క ముక్క, ఏ థామసో దేవుడికే తెలియాలి.

1752కి ముందు వాళ్ళకి కొత్త సంవత్సరం మార్చి 25న. రిజిస్టరులో 1740 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో 1741. ఇది తెలియక పెళ్ళికి ముందే పిల్లాడు పుట్టాడని కంగారుపడేవాళ్ళున్నారు. సరే, కొన్నిసార్లు నిజంగానే ముందే పుడతాడనుకోండి.

మెథడిస్టులు, బాప్టిస్టుల్లాంటివాళ్ళ పిల్లలు పారిష్ చర్చిలో కనబడకపోవచ్చు. వాళ్ళ పాత రిజిస్టర్లు చాలావరకు 1837 తర్వాత ప్రభుత్వం తెప్పించుకుంది, అవి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 4 అనే వరసలో ఉన్నాయి. ల్యాంకషైర్ వాళ్ళయితే ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ అనే ఉచిత సైట్ బంగారు గని. మాంచెస్టర్ పాత చర్చిని కూడా మర్చిపోకండి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బోలెడుమంది అక్కడికెళ్ళి పెళ్ళి చేసుకున్నారు.

పేదలకి పెట్టిన ఖర్చు లెక్కలు

డబ్బున్నవాడికి వీలునామా, దస్తావేజు ఉంటాయి. లేనివాడికి పూర్ లా, అంటే పేదల్ని పోషించే చట్టం, కింద రాసిన కాగితాలుంటాయి. నా లెక్కలో వీలునామా కంటే ఇవే మేలు, ఎందుకంటే వీటిలో మనిషి గొంతు వినబడుతుంది.

1601 చట్టం ప్రకారం ఏ పారిష్ పేదల్ని ఆ పారిష్ పోషించాలి. దాంతో ఫలానావాడు ఏ పారిష్ బాధ్యత అన్న తగాదా మొదలైంది. 1662 చట్టంతో ‘సెటిల్‌మెంట్’ అని ఒక లెక్క పెట్టారు. పెళ్ళికాకుండా ఒక ఊళ్ళో ఏడాది నిండా జీతానికి కుదిరితే ఆ ఊరివాడవుతాడు, లేదా అప్రెంటిస్‌గా పనిచేస్తే, లేదా ఏడాదికి 10 పౌండ్ల అద్దె ఇల్లు తీసుకుంటే. పెళ్ళైన ఆడదానికి మొగుడి ఊరే. ఇవేవీ లేకపోతే తండ్రి ఊరు. కొందరు రైతులు 51 వారాలకే జీతగాళ్ళని పెట్టుకుని పంపేసేవారు, ఏడాది నిండకుండా. కాంట్రాక్టు ఉద్యోగులకి ఒక రోజు బ్రేక్ ఇచ్చి మళ్ళీ తీసుకోవడం మనమేదో కొత్తగా కనిపెట్టామనుకుంటాం.

పనిపోయి, జబ్బుచేసి సాయం అడిగితే మేజిస్ట్రేట్ల ముందు కూర్చోబెట్టి వాంగ్మూలం తీసుకునేవారు. ఎక్కడ పుట్టావు, తండ్రిది ఏ ఊరు, ఎన్నో ఏట ఎవరి దగ్గర జీతానికి కుదిరావు, ఎంతిచ్చారు, ఎప్పుడు మానేశావు, పెళ్ళి ఎక్కడ, పిల్లల పేర్లు వయసులు. కింద ఇంటూ గుర్తు. చర్చి రిజిస్టరులో మూడు పంక్తులుగా మిగిలిన మనిషి జీవితమంతా ఆ ఒక్క కాగితంలో దొరుకుతుంది. తమ ఊరివాడు కాదని తేలితే ‘రిమూవల్ ఆర్డర్’ ఇచ్చి భార్యాపిల్లలతో సహా సాగనంపేవారు. రెండు ఊళ్ళ పేర్లూ ఉంటాయి కాబట్టి తర్వాత ఏ ఊళ్ళో వెతకాలో ఆ ఆర్డరే చెప్తుంది. పెళ్ళికాని తల్లి బిడ్డ ఖర్చు ఊరి నెత్తిన పడుతుందని తండ్రి ఎవరో ఆవిడ చేత చెప్పించి, వాడితో బాండు రాయించుకున్న కాగితాలూ ఉన్నాయి. బాప్తిస్మంలో లేని తండ్రి పేరు అక్కడ దొరికే సందర్భాలు తక్కువేం కాదు.

ఇవి చాలామటుకు ఆన్‌లైన్‌లో ఉండవు, కౌంటీ రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి. నేషనల్ ఆర్కైవ్స్ వారి డిస్కవరీ కేటలాగ్‌లో పారిష్ పేరు, ఇంటిపేరు కొట్టి చూసి, ఉన్నాయని తేలితే ఆ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టండి. అడిగేటప్పుడు కేటలాగ్ నంబరు తప్పకుండా రాయండి. నంబరు లేకుండా ‘మా తాత వివరాలు కావాలి’ అని రాసేవాళ్ళకి ఏ రికార్డు గుమాస్తా అయినా ఎలా జవాబిస్తాడో నాకు బాగా తెలుసు.

1834 తర్వాత వర్క్‌హౌస్‌లు, అంటే దిక్కులేని పేదల్ని ఉంచి పని చేయించే ఇళ్ళు, బాగా పెరిగాయి, వాటిలో చేరినవాళ్ళ, వెళ్ళినవాళ్ళ రిజిస్టర్లు చూడాలి. 1904 నుంచి అక్కడ పుట్టిన పిల్లల సర్టిఫికెట్‌లో వర్క్‌హౌస్ అన్న మాట రాయకుండా ఉత్త వీధి నంబరు రాసేవారు, పిల్లలకి మచ్చ రాకూడదని. ఆ అడ్రసు ఏమిటో పాత మ్యాపులో చూస్తే విషయం బయటపడుతుంది.

ఇంకొన్ని చోట్లు

బళ్ళలో చేర్చుకున్న రిజిస్టర్లు 1870 చదువు చట్టం తర్వాతివి బాగానే దొరుకుతాయి, పుట్టిన తేదీతో. మిల్లులోనో గనిలోనో ప్రమాదంలో పోతే సర్టిఫికెట్ కంటే పేపరు నయం. పంచనామా వార్త బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో వెతకండి, సాక్షులు చెప్పిన మాటలతో సహా ఉంటుంది. లండన్‌వాళ్ళయితే ఓల్డ్ బెయిలీ కోర్టు కేసులు, 1674 నుంచి 1913 దాకా, ఆన్‌లైన్‌లో ఉచితం. ముద్దాయే కానక్కర్లేదు, చేతిరుమాలు పోగొట్టుకున్నవాడు, చూసిన పనిమనిషి కూడా పేర్లతో ఉంటారు. ఓటర్ల జాబితాలో పట్నం కూలీ కోసం 1867కి ముందు వెతికి కళ్ళు పాడుచేసుకోకండి, అప్పటిదాకా వాళ్ళలో చాలామందికి ఓటే లేదు. సమాధిరాయి కోసం కూడా ఎక్కువ తిరగొద్దు. చాలామందిని ‘పబ్లిక్ గ్రేవ్’లో, అంటే ముక్కూమొహం తెలియని పదిమందితో కలిపి పూడ్చారు. రాయి లేకపోయినా శ్మశానం రిజిస్టరులో గుంట నంబరు ఉంటుంది.

సైనికులవి వేరే సంగతి. మొదటి యుద్ధంలోని మామూలు సిపాయిల సర్వీసు కాగితాల్లో సగానికి పైగా 1940 బాంబుదాడిలో కాలిపోయాయి. అంతకుముందు కాలంవాళ్ళు పెన్షన్ తీసుకుని ఉంటే, అంటే ఖజానాకి ఖర్చు పెట్టించి ఉంటే, డబ్ల్యూఓ 97 అనే వరసలో కాగితం మిగిలే అవకాశం బాగా ఉంది.

సికింద్రాబాద్, తిరుమలగిరి, లాలాగూడ, కాజీపేట, గుంతకల్లు వైపు ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలవాళ్ళు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధుల నకళ్ళు లండన్‌కి పంపేవారు. అవి బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్ 2 అనే వరసలో ఉన్నాయి, ఫైండ్‌మైపాస్ట్‌లో స్కాన్లు దొరుకుతాయి. ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ వాళ్ళ సైట్‌లో పేరు వెతకడం ఉచితం. పెళ్ళి నకలులో రెజిమెంటు దొరికితే, దాన్నిబట్టి సైనికుడి డిశ్చార్జి కాగితం. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరినవాడైతే ఆ కాగితాలు కూడా ఇండియా ఆఫీస్ రికార్డుల్లోనే. డిశ్చార్జి కాగితంలో మొదటి పంక్తిలోనే ఏ పారిష్‌లో, ఏ పట్నం దగ్గర పుట్టాడో, సైన్యంలో చేరకముందు ఏ పని చేసేవాడో రాసి ఉంటుంది. ‘లేబరర్’ అనో ‘వీవర్’ అనో కనబడుతుంది. పారిష్ పేరు దొరికింది కాబట్టి ఇక తిన్నగా ఆ చర్చి బాప్తిస్మాల రిజిస్టరు తెరవండి. డిశ్చార్జిలో రాసిన వయసుని మాత్రం రెండు మూడేళ్ళు అటూ ఇటూ పెట్టుకుని వెతకండి, చేరేటప్పుడు చాలామంది వయసు పెంచి చెప్పినవాళ్ళే.